ముందు మడ్‌గార్డ్

మా బావ కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాడు. బరువైన ఇనుప ఫ్రేమొకటి ఎదుటివాళ్ళ ముక్కు మీద నిలబెట్టి, అందులో ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడం ఆయన ఉద్యోగం. వాళ్ళు ఏదో ఒకటి చెప్పగానే ఓడినదాన్ని పక్కన పెట్టి, నెగ్గినదాని మీదికి ఇంకోదాన్ని పోటీకి దించుతాడు. "ఇప్పుడు? ఇదా, అదా?" పొద్దుట్నించి సాయంత్రం దాకా ఇదే పాట. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ ప్రశ్నని షాపులో వదిలేసి రాకుండా ఇంటికి వెంటబెట్టుకు రావడమే మా ఖర్మ.

దిండు కొనాలంటే మెత్తటిదా, గట్టిదా. గోడకి మేకు కొట్టాలంటే ఇక్కడా, అక్కడా. ఒకసారి స్నానానికి వెళ్ళి ఎర్ర బకెట్టా, నీలం బకెట్టా అని ఆలోచిస్తుంటే కొళాయి ఆగిపోయింది. వీధిలో అందరూ ఆయన్ని "ఇదా-అదా" అని పిలుస్తారు. అది తన నిదానానికి దక్కిన బిరుదని బావ నమ్మకం. నేను మరదల్ని కాబట్టి బావని ఆటపట్టించే హక్కు నాకు పుట్టుకతో వచ్చింది. దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

ఇలా మీనమేషాలు లెక్కపెట్టే మనిషి పెళ్ళెలా చేసుకున్నాడని మీకు అనుమానం రావచ్చు. చేసుకోలేదు, మా అక్కే చేసుకుంది. అక్క సిటీ బస్సు డ్రైవరు. లైసెన్సు కోసం కళ్ళ పరీక్షకని ఆ షాపుకెళ్ళింది. "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని బావ మొదలుపెట్టగానే, "రెండూ ఒకటే. అక్షరాలు కనబడుతున్నాయి, సంతకం పెట్టండి" అంది. కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళి, "నన్ను చేసుకుంటారా, లేదా?" అని అడిగిందట. ఆ ప్రశ్నలోనూ రెండు అద్దాలున్నాయి గానీ, మార్చి మార్చి చూసుకునే వ్యవధి మాత్రం మా అక్క ఇవ్వలేదు.

వాళ్ళకిద్దరు ఆడపిల్లలు. పెద్దది నాలుగో తరగతి, చిన్నది ఇంకా అక్షరాలు దిద్దుకునే క్లాసులో ఉంది. నేను ఆ ఇంటి మేడమీద గదిలో ఉంటాను. ఒక డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు దగ్గర కూర్చుని, జనం తెచ్చిన బట్టలు విప్పి, మరకలు చూసి, ఏది పోతుందో ఏది పోదో చెప్పడం నా పని. తిండి మాత్రం కింద అక్కావాళ్ళతోనే. తగాదాలు కూడా అక్కడే.

అక్క తెల్లారకముందే డ్యూటీకి పోతుంది కాబట్టి పిల్లల్ని స్కూలుకి దింపడం బావ వంతు. అందుకని ఒక పొడుగు సైకిలు కొన్నాడు. సీటు వెనకాల చెక్క వేసిన ఇంత పొడుగు క్యారియరు, ఇద్దరు పిల్లలు వరసగా కూర్చునేలా ఉంటుంది. చివర్లో కూరల సంచీ తగిలించుకోవడానికి కొక్కేలు. మా వీధి గుంతలకి తట్టుకునేలా లావుపాటి టైర్లు. ఆ టైర్లు సన్నవా లావువా అన్న చర్చ ఎన్నాళ్ళు నడిచిందో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఇంట్లో మేం దానికి రైలు అని పేరు పెట్టుకున్నాం.

రైల్లో ఎవరి చోటు వాళ్ళది. ముందు బావ, మధ్యలో చిన్నది, చివర పెద్దది. పెద్దది నోరు తెరిచిందంటే స్కూలు గేటు దాకా మూసేది కాదు. క్లాసులో ఎవరు ఎవరి మీద అలిగారు, లెక్కల టీచరు తుమ్మితే కిటికీ ఎలా అదిరింది, పెద్దయ్యాక తను ఏమేం కాబోతోంది, అన్నీ వెనకనుంచి అరిచి చెప్పేది. బావ వాటిని మూటగట్టుకొచ్చి రాత్రి అన్నాల దగ్గర మాకు వడ్డించేవాడు. "నేనీ సైకిలు కొన్నది తొక్కడానికి కాదు మరదలా, ఆ కబుర్లు వినడానికి" అన్నాడొకసారి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకు ఎగతాళి చెయ్యబుద్ధి కాలేదు.

లోటల్లా ఒక్కటే. ఆ సైకిలుకి మడ్‌గార్డులు లేవు.

"ఇంత లావు టైర్లకి మామూలువి పట్టవండీ. విడిగా తెప్పించాలి. రకరకాలున్నాయి" అన్నాడు సైకిల్ షాపాయన. చేతిలో పానా లేకుండా ఆయన్నెవరూ చూడలేదు కాబట్టి ఊరంతటికీ ఆయన పేరు పానా. రకరకాలున్నాయి అన్న ముక్క బావ చెవిన పడకుండా ఉండాల్సింది.

అప్పటికి ఎండాకాలం. బావ తీరిగ్గా మొదలుపెట్టాడు. ప్లాస్టిక్‌వా, రేకువా. చక్రాన్ని సగం కప్పేవా, నేల దగ్గర దాకా దిగేవా. కింద రబ్బరు నాలుక ఉన్నవా, లేనివా. టైరు కంటే మడ్‌గార్డు వెడల్పుండాలి, లేకపోతే నీళ్ళు పక్కలనుంచి చిమ్ముతాయి. మరీ వెడల్పైతే పిల్లల కాళ్ళకి తగులుతుంది. టైరుకి మరీ దగ్గరైతే బురద ఇరుక్కుంటుంది, మరీ దూరమైతే చూడ్డానికి బాగోదు. షాపులో కళ్ళ మధ్య దూరం కొలిచే చిన్న స్కేలు తెచ్చి టైరు వెడల్పు కొలిచాడు. ఎడమకన్ను మూసి చూస్తే ఒకలా, కుడికన్ను మూసి చూస్తే ఇంకోలా వచ్చింది. "ఏది సరైందంటావు?" అని నన్నడిగాడు. రెండు కళ్ళూ మూసుకుని కొలవమన్నాను.

ఆ తర్వాత అట్టపెట్టెలు కోసి, వంచి, దారంతో కట్టి, రెండు రకాల ఉత్తుత్తి మడ్‌గార్డులు తయారుచేశాడు. ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఇంకోటి తగిలించి, మా అందరినీ వాకిట్లో నిలబెట్టి ఏది బాగుందో చెప్పమన్నాడు. అక్క డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

"ఏవండీ, నేను తోలే బస్సుకి ఆరు చక్రాలు. వాటి రేకులు ఏ రకమో ఇప్పటికీ నాకు తెలీదు. ఎప్పుడూ ఎవరి మీదా బురద పడలేదు" అంది.

"అది కంపెనీవాళ్ళు చూసుకుంటారే. ఇక్కడ మనమే చూసుకోవాలి కదా" అన్నాడు బావ.

పానాని అడుగుదామంటే ఆయనదొక మాట కాదు. ప్లాస్టిక్‌వి అమ్ముడుపోకపోతే ప్లాస్టిక్‌కి మించింది లేదంటాడు. అవి అయిపోయి రేకువి మిగిలితే, ప్లాస్టిక్ పిల్లలాటండీ అంటాడు. బావ మాత్రం ఆయన చెప్పిన ప్రతి ముక్కనీ మనసులో రాసుకుని, పాతదానికీ కొత్తదానికీ పోటీ పెట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు.

ఇంతలో వానలు పడ్డాయి.

ఒక సాయంత్రం పెద్దది మేడెక్కి నా గదికొచ్చింది. చేతిలో తన తెల్ల యూనిఫాం చొక్కా, తడిపి పిండి ఉంది.

"పిన్నీ, ఇది పోతుందా?"

చొక్కా విప్పి దీపం కింద పట్టుకున్నాను. వీపు మధ్యలో, మెడ పట్టీ నుంచి నడుం దాకా, నిలువుగా బురద చార. తనే బాత్రూంలో సబ్బేసి రుద్దినట్టుంది, అంచులు చెదిరాయి గానీ నడిమి భాగం కదల్లేదు. నా కౌంటరు మీదికి ఎన్నో మరకలొస్తాయి, ఇది ఎక్కడిదో పోల్చడానికి నాకు నిమిషం పట్టలేదు. చక్రం వెనకనుంచి ఎగజిమ్మే బురదంతా చివర కూర్చున్నవాళ్ళ వీపుకే తగులుతుంది. బావ వీపుకి చిన్నది అడ్డం. చిన్నదాని వీపుకి పెద్దది అడ్డం. పెద్దదాని వీపుకి మాత్రం ఎవరూ లేరు.

"పోతుందిలే. ఎన్నాళ్ళుగా ఇలా?"

"వాన పడ్డప్పుడల్లా. నాన్నకి చెప్పకు పిన్నీ."

"ఎందుకు చెప్పొద్దు?"

"నాన్న చూస్తున్నాడు కదా" అంది. మడ్‌గార్డుల కోసం వెతుకుతున్నాడు కదా అని దాని ఉద్దేశం.

నాకు ఒళ్ళు మండింది. దాని మీద కాదు. అయినా నాన్నకి చెప్పనని ఒట్టేయించుకుంది కాబట్టి నోరు నొక్కుకున్నాను.

బావ సంగతి చూడబోతే ఆ రోజుల్లోనే మురిసిపోతూ ఒక ముచ్చట చెప్పాడు. "పెద్దదానికి నేనంటే ఎంత ప్రేమో! గేటు దగ్గర దిగాక వెంటనే వెనక్కి తిరిగి పోదు. నా వైపే చూస్తూ, చెయ్యి ఊపుతూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలిదాకా వెళ్తుంది." పెద్దది కంచంలోకి చూస్తూ అన్నం కెలుకుతోంది. దాని వీపు ఆయనకి కనబడకుండా ఉండాలనే ఆ నడక అని నాకు తట్టింది.

చిన్నదానికి మాత్రం రహస్యాలు దాచే వయసు కాదు. "నాన్నా, అక్కని స్కూల్లో అందరూ ఉడుత అంటారు తెలుసా!" అంది.

"ఉడుతా? చురుకైన పిల్ల కదా, అందుకే!" అని బావ పెద్దదాని బుగ్గ గిల్లాడు.

ఉడుతని చూడగానే చిన్నపిల్లలకైనా ముందు గుర్తొచ్చేవి దాని వీపు మీది చారలే. జనానికి చూపు సరిచేసే మా బావకి గుర్తొచ్చింది దాని చురుకుదనం.

నేను ఒట్టు తప్పలేదు. నాన్నకి చెప్పొద్దంది గానీ అమ్మకి చెప్పొద్దనలేదు కదా. మర్నాడు అక్కకి మొత్తం చెప్పేశాను. అక్క ఒంటికాలి మీద లేచింది. బస్టాండులో టీ తాగడానికి ఇచ్చే కాస్త విరామంలో, చుట్టూ హారన్లు మోగుతుంటే, బావకి ఫోన్ చేసి అరిచింది.

"ఏవండీ, ముందు మడ్‌గార్డ్ తెండి! తర్వాతే ఏదైనా! వింటున్నారా? ముందు మడ్‌గార్డ్!"

"ఆ, సరే సరే" అన్నాడట బావ.

సాయంత్రం ఆయన చంకలో పొడుగాటి ప్యాకెట్టు పెట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. అందరం చుట్టూ చేరాం. కాగితం విప్పితే నల్లగా నిగనిగలాడుతూ ఒక మడ్‌గార్డు బయటపడింది. లావు టైరుకి సరిగ్గా సరిపోయేంత వెడల్పు, కింద రబ్బరు నాలుక. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది. ఒక్కటే ఉంది.

"రెండోదేదీ?" అంది అక్క.

"ఏ రెండోది?"

"వెనకదండీ!"

"నువ్వే కదా ముందు మడ్‌గార్డ్ తెమ్మన్నావు?" అన్నాడు బావ. "ఒకసారి కాదు, రెండుసార్లన్నావు. ముందుదే తెచ్చాను. పానా దగ్గర ముందువి నాలుగు రకాలుంటే ఒక్కోదాన్నీ పెట్టి చూసి తెచ్చాను."

అక్క తల పట్టుకుంది. "ముందు అంటే ముందు చక్రానికని కాదండీ! ముందు, అంటే మొట్టమొదట! మిగతా పనులన్నీ పక్కన పెట్టి!"

"అయితే మొదట అనాలి. మడ్‌గార్డ్ దగ్గర ముందు అంటే ముందుదే అవుతుంది. నీకెలా వినిపించింది మరదలా, ఇలాగా, అలాగా?"

"నాకు ఏడుపొస్తోంది బావా" అన్నాను.

"వెనకదీ చూశాను. రెండు రకాలున్నాయి. ఒకటి పొడుగ్గా కిందిదాకా దిగుతుంది గానీ చప్పుడు చేస్తుందేమోనని అనుమానం. ఇంకోటి పొట్టి, బిగువుగా ఉంటుంది గానీ రంగు నచ్చలేదు. తొందరేముంది, నిదానంగా చూద్దాం."

అక్క నోరు తెరిచింది. ఆ నోట్లోంచి రాబోయేదేంటో నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే గుమ్మం పక్కన నిలబడి ఉన్న పెద్దది, తల్లి కళ్ళలోకి చూస్తూ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అక్క నోరు మూసుకుంది. బస్సులో ఎంతమంది అరిచినా లెక్కచెయ్యని మనిషి ఆ పిల్ల తల ఊపుకి ఆగిపోయింది.

ముందు మడ్‌గార్డు బిగించాక బావ వైభోగం చూడాలి. ముందు చక్రం చిమ్మే నీళ్ళు తొక్కేవాడి కాళ్ళ మీదే కదా పడేది. ఇప్పుడవి ఆగిపోయాయి. "ఎంత తేడా! చూశారా, బూట్ల మీద ఒక్క చుక్క లేదు!" అంటూ వాన పడ్డప్పుడల్లా ఇంటికొచ్చి కాళ్ళు చాపి చూపించేవాడు. దారిలో కనబడ్డ ప్రతివాడినీ ఆపి, మడ్‌గార్డు లేకుండా సైకిలు తొక్కడం ఎంత అనాగరికమో వివరించేవాడు. ఆయన వివరిస్తున్నంతసేపూ వెనక చివరి సీట్లో పెద్దది వీపు నిండా బురదతో నిటారుగా కూర్చుని ఉండేది. కబుర్లు మాత్రం తగ్గిపోయాయి. అడిగితే ఊ, అడక్కపోతే అదీ లేదు. "పిల్ల పెద్దదవుతోంది కదా, గాంభీర్యం వచ్చింది" అన్నాడు బావ.

ఆ వారం చివర్లో పెద్దది అన్నాల దగ్గర ఉన్నట్టుండి, "అమ్మా, పక్కింటివాళ్ళతో పాటు నేనూ స్కూలు వ్యానులో వెళ్తాను" అంది.

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకమ్మా? రైలు బాగా లేదా?"

"బాగుంది నాన్నా."

"మరి? నేను నెమ్మదిగా తొక్కుతున్నానా? లేకపోతే వేగంగానా?"

"లేదు నాన్నా. ఊరికే."

వ్యాను డ్రైవరు సోమవారం నుంచి వస్తానన్నాడు. ఈలోపు నాతో నడిచి వెళ్తానంది పెద్దది. ఆ రాత్రి బావ వాకిట్లో సైకిలు పక్కన కూర్చుని, మెరిసే ముందు మడ్‌గార్డుని గుడ్డతో తుడుస్తూ, "ఏం తక్కువైంది చెప్పు?" అని నన్నడిగాడు. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒట్టు. పైగా ఆ మనిషి తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. నాకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను. ఆ ఇంట్లో గాలి అలాంటిది.

"నాన్నకి చెప్పొద్దంది కదా, చెప్పను. చూపిస్తాను" అంది అక్క నాతో.

శనివారం అక్కకి సెలవు. రాత్రంతా వాన పడి తెరిపిచ్చింది, రోడ్డు నిండా నీళ్ళు. బావ షాపులో వేసుకునే తెల్లకోటు తొడుక్కుని బయటికొచ్చేసరికి అక్క సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఈరోజు నేను తొక్కుతాను. చిన్నదాన్ని దింపి, మిమ్మల్ని షాపు దగ్గర దింపుతాను. మీరు వెనక కూర్చోండి."

"నేనా? వెనకా? చిన్నదానికి ముందా, వెనకా?"

"చివర."

పెద్దదీ నేనూ అప్పటికే నడక మొదలుపెట్టాం. మలుపు దగ్గర గంట మోగిస్తూ రైలు మమ్మల్ని దాటింది. అక్కకి బస్సు అలవాటు కదా, గుంతల్ని తప్పించడం ఆవిడ పద్ధతి కాదు. ఆ రోజు తప్పించకపోవడమే కాదు, వెతికి మరీ దింపింది. లావు టైరు గుంతలోకి దిగడం, నీళ్ళు గుప్పున లేవడం, బావ తెల్లకోటు మీద నడుం నుంచి మెడ దాకా చార గీసుకోవడం కళ్ళారా చూశాం. నాకు నవ్వాగలేదు. పెద్దది నవ్వలేదు. "పిన్నీ, నాన్నకి చెప్పాలి! షాపులో అందరూ చూస్తారు!" అని పరిగెత్తబోయింది. చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నా నవ్వు అక్కడే చచ్చిపోయింది.

రైలు మీద జరిగింది తర్వాత అక్క చెప్పింది. బయల్దేరగానే చిన్నది బావకి చివరి సీటు పద్ధతులన్నీ నేర్పిందట. "నాన్నా, నా బ్యాగు నీ వీపుకి తగిలించుకోకు. ముందు పెట్టుకో. నేను దాని మీద తల పెట్టి పడుకుంటా. అక్క తన బ్యాగు కూడా అలాగే పెట్టుకుంటుంది." కాసేపాగి, "పక్కకి వంగకు నాన్నా! అక్క అస్సలు వంగదు. వంగితే నామీద పడతాయి."

"ఏం పడతాయే?" అన్నాడట బావ. అప్పటికే నిద్రలోకి జారుకున్న చిన్నది జవాబు చెప్పలేదు.

బావ షాపుకెళ్ళి మామూలుగా పని మొదలుపెట్టాడు. మొదట ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ ముక్కు మీద ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి, గోడ మీది అక్షరాలు చూపించడానికి వెనక్కి తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగి అద్దం మార్చి, మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

"ఇది బాగుందా అమ్మా, ఇందాకటిదా? ఏది స్పష్టంగా ఉంది?"

"రెంటిలోనూ నీ వీపు మీద బురద స్పష్టంగానే ఉంది నాయనా" అందావిడ.

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలకి కొదవేం లేదు. ఒక నిలువుటద్దానికి వీపు పెట్టి, ఇంకో చేతి అద్దం మొహానికెదురుగా పట్టుకుని చూసుకున్నాడట బావ. మెడ నుంచి నడుం దాకా నిలువు చార. గేటు దగ్గర పెద్దది వెనక్కి వెనక్కి నడవడం, ఉడుత అన్న మాట, అస్సలు వంగదు అని చిన్నది చెప్పింది, ఒకటొకటే వచ్చి వరసలో నిలబడ్డాయట. ముసలావిడని అలాగే ఫ్రేముతో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, ఆ కోటుతోనే వీధిలో నడుచుకుంటూ పానా దగ్గరికెళ్ళాడు.

పానా ఆయన్ని చూడగానే అలవాటుగా రెండు మడ్‌గార్డులు తెచ్చి ముందు పెట్టాడు. "ఇదా, అదా?" అన్నాడు నవ్వుతూ.

"ఏది ముందు చేతికొస్తే అది" అన్నాడు బావ.

పానాకి అర్థం కాక ఇంకోసారి అడిగాడట. తర్వాత కూడా ఆ మాట నమ్మలేక, మీ బావగారికి ఒంట్లో బాగానే ఉంటోందా అని నా కౌంటరు దగ్గరికొచ్చి వాకబు చేశాడు.

సాయంత్రం బావ ఇంటికొచ్చేసరికి పెద్దది మెట్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఆయన ప్యాకెట్టు పక్కన పెట్టి, దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కోటు ఇంకా విప్పలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

పెద్దది పెన్సిలు కొరుక్కుంటూ, "నువ్వు చూస్తున్నావు కదా" అంది.

బావ లేచి, కోటు విప్పి నా చేతికిచ్చి, పానా చేతిలోంచి అప్పు తెచ్చిన పానాతో వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. చీకటి పడేదాకా బిగిస్తూనే ఉన్నాడు.

ముందూ వెనకా చూసుకోకుండా తెచ్చిన వెనక మడ్‌గార్డు పొడుగు రకం. ఆయన అనుమానించింది అక్షరాలా నిజమైంది. చక్రం కదిలితే చాలు టకటకమని వీధంతా వినబడేలా కొట్టుకుంటుంది. ముందుది నలుపు, ఇది నారింజ రంగు. అన్ని నెలలు వడగట్టి వడగట్టి తెచ్చింది ఆయన బూట్లని కాపాడుతోంది, కళ్ళు మూసుకుని తెచ్చింది పిల్లని కాపాడాలి. ఎలా ఉందని బావ ఎవరినీ అడగలేదు.

సోమవారం పొద్దున సన్నగా జల్లు పడుతోంది. వ్యాను వీధి చివర ఆగి హారన్ కొట్టింది. పక్కింటి పిల్లలు ఎక్కేశారు. బావ చిన్నదాన్ని రైలెక్కించుకుని, హ్యాండిలు పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. వ్యానా, రైలా అని పెద్దదాన్ని అడుగుతాడేమోనని నేను భయపడ్డాను. అడగలేదు. జన్మలో మొదటిసారి ఆ మనిషి ప్రశ్న వెయ్యకుండా ఊరుకున్నాడు.

పెద్దది ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో మెట్లు దిగింది. వ్యాను వైపు చూసింది. నారింజ రంగు మడ్‌గార్డుని ఒకసారి వేలితో తట్టి చూసింది. తర్వాత వచ్చి చివరి సీట్లో కూర్చుని, బ్యాగు తీసి చెల్లెలికి తలగడగా పెట్టింది. వ్యాను ఇంకోసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

రైలు కదిలింది. మా ఇంటి ముందే పెద్ద గుంత, నిండా నీళ్ళు. బావ పక్కనుంచి పోవచ్చు, పోలేదు. నేరుగా అందులోంచే పోనిచ్చాడు. నీళ్ళు గుప్పున లేచి ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఇరవై గజాలు పోయాక పెద్దది వెనక్కి తిరక్కుండానే, చెయ్యి వెనక్కి పెట్టి, వీపు మీది జడని పక్కకి తొలగించి పట్టుకుంది. నాకు చూపించడానికి.

"ఏం లేదే!" అని అరిచాను.

జడ అలాగే పట్టుకుని ఉంది.

"తెల్లగా ఉందే! ఒక్క చుక్క లేదు!" అని గొంతు చించుకున్నాను. రెండుసార్లు చెబితే గానీ ఆ పిల్ల నమ్మలేదు.

అప్పుడు జడ వదిలింది. తండ్రి వైపు వంగి ఏదో మొదలుపెట్టింది, చెయ్యి గాల్లో తిప్పుతూ. లెక్కల టీచరు గురించో ఏమో, ఆ టకటకలో నాకు వినబడలేదు. బావకీ వినబడలేదు. "ఏంటమ్మా? ఏంటీ?" అంటున్నాడు. అది ఇంకా గట్టిగా అరిచి చెబుతోంది. మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది.